ఓబక్క వరుసలో కాగితాల మెషిన్

క్యాతగానచెర్లులో కావేరిని కుదురుగా కూర్చోబెట్టి ఫొటో తీసినవాళ్లు ఇంతవరకూ లేరు. పెళ్లి ఫొటోలో కూడా పీట మీంచి సగం లేచే ఉంటుంది. పక్కన శివన్న మాత్రం నేలకు అతికించినట్టు కూర్చుని ఉంటాడు. అన్నం తింటూ మధ్యలో లేస్తుంది, టీవీ చూస్తూ లేస్తుంది, ఇంటికి వచ్చినవాళ్లను కూర్చోమని తను గడప దగ్గర నిలబడే కబుర్లు చెబుతుంది. "మీ కోడలి కాళ్లకు చక్రాలేమన్నా కట్టినారా ఓబక్కా?" అని వీధిలో ఎవరైనా అడిగితే, "కాళ్లకు గాదు, చేతులకు" అంటుంది అత్త ఓబక్క. అది మెచ్చుకోలో ఎత్తిపొడుపో పదహారేళ్లుగా కావేరికే అంతుపట్టలేదు, నాకేం తెలుస్తుంది!

ఈ గుణం ఆమె పుట్టింటి నుంచి తెచ్చుకుంది. నిడుగల్లులో, కోటగుట్ట కింద, వాళ్ల ఇంట్లో ఎవరి చేతులైనా ఖాళీగా కనబడితే ఒంట్లో బాగాలేదని అర్థం. వాన పడితే వేరుశెనగ వేయాలి, కలుపు తీయాలి, చెట్లు పీకాలి, కాయలు కోయాలి. ఎండాకాలమంతా విత్తనానికి కాయలు ఒలవాలి. ఇవన్నీ లేనప్పుడు గొర్రెలు ఉండనే ఉన్నాయి. పద్దెనిమిదేళ్లకు పెళ్లయి ఇక్కడికి వస్తే ఓబక్క ఎనిమిదెకరాల మెట్ట ఆమెకోసమే ఎదురు చూస్తున్నట్టుంది. మొదటి ఏడేళ్లు అత్తాకోడళ్లు పక్కపక్క సాళ్లలో పని చేశారు. ఓబక్క చెట్టు పీకే తీరు ఊళ్లో పేరున్నది. మొదలు పట్టుకుని ఒక్క గుంజు, ఎడమ అరచేతికేసి రెండు దులుపులు, మట్టి రాలిందా, చెట్టు వెనక్కి పోయిందా, అంతే. చెట్టుకు కాయను పట్టి ఉంచే ఊడ తెగి నేలలో కాయ నిలిచిపోతే మాత్రం ఊరుకునేది కాదు. వంగి, వేళ్లతో మట్టి గీరి, దాన్ని పట్టుకుని ఒడిలో వేసుకున్నాకే ముందుకు కదిలేది. కూలికి వచ్చినవాళ్లు ఆమె వెనక సాలులో ఏరుకోవడానికి పరిగె దొరకదని తిట్టుకునేవాళ్లు.

ఆ తర్వాత మా ఎండకు గిరాకీ వచ్చింది. సోలార్ పార్కు వాళ్లు వచ్చి భూములు కౌలుకు తీసుకున్నారు. ఏడ్చినవాళ్లెవరూ లేరు, అబద్ధమెందుకు చెప్పాలి? నాలుగేళ్లలో మూడేళ్లు వానలు మోసం చేసే నేల అది. ఏటేటా కౌలు వస్తుంటే ఎవరికి చేదు? ఎడ్లను అమ్మేశారు. శివన్నకు కంచె లోపలే సోలార్ పలకలు కడిగే పని దొరికింది. ఓబక్క దున్నే మడకనూ విత్తే గొర్రునూ గుంటకనూ అటక మీదికి ఎక్కించింది. ఊరంతా కాస్త ఊపిరి పీల్చుకుంది.

కావేరికి మాత్రం ఊపిరి ఆడలేదు. చేయడానికి పని లేకపోతే ఆమెకు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు. ఒకే వాకిలిని మూడుసార్లు ఊడ్చేది. కుట్టు నేర్చుకుంది, ఆరునెలలకు విసుగొచ్చింది. కోళ్లు పెంచింది, కుక్కలు తిన్నాయి. పలకల మధ్య గడ్డి కోసే కూలికి పోయింది, వాళ్లు గడ్డి కోసే మెషిన్లు తెచ్చుకున్నారు. "మే, కాసేపు కూసోరాదా, నిన్ను చూస్తాంటే నాకు ఆయాసమొస్తాది" అని శివన్న బతిమాలేవాడు. కూర్చుంటే ఏదో పోయినట్టుంటుందని ఆయనకు ఎలా చెప్పాలి? ఆ పోయింది ఏమిటో ఆమెకు మాత్రం తెలుసా!

మూడేళ్ల కిందట కూతురు ధనుశ్రీ స్కూలుకు చార్టు కావాలంటే పావగడ పోయింది. బస్టాండు దగ్గర రత్న అని ఒకామెకు ఫంక్షన్లకు స్టేజీ డెకరేషన్ చేసే కొట్టు ఉంది. అక్కడ బల్ల మీద చిన్న సూట్‌కేసంత తెల్లటి మెషిన్ ఒకటి గిరగిరమంటోంది. తెల్ల కాగితం లోపలికి పోతోంది, ముందుకు వస్తోంది, వెనక్కి పోతోంది. చివరికి బయటికి వచ్చేసరికి దాని నిండా జల్లెడలాగా సన్నటి చిల్లులు, ఆ చిల్లుల మధ్య ఒక నెమలి. లోపల ఉన్నదంతా గోరు మొనంత బ్లేడు. కావేరి నోరు తెరుచుకుని నిలబడిపోయింది. "కూసోక్కా" అని రత్న కుర్చీ జరిపింది. "ఏం ఫర్వాలేదు, ఇంగోటి కోయి, చూస్తా" అంది కావేరి. అలా మూడు కాగితాలు చూసేసరికి బస్సు పోయింది.

నాలుగు నెలలు శివన్నను పీక్కుతిని, ఆ ఏటి కౌలు చేతికి రాగానే అలాంటిదే కొనిపించింది. ఇంటికి తెచ్చాక తెలిసింది, అది చూసినంత సులువు కాదని. జిగురున్న పచ్చటి చాప ఒకటి దాంతో పాటు వస్తుంది, మ్యాట్ అంటారు. కాగితాన్ని దాని మీద అతికించి లోపలికి పంపాలి. బ్లేడు లోతు ఎక్కువైతే చాప కూడా తెగుతుంది, తక్కువైతే కాగితం ఊడిరాదు. అన్నిటికంటే కష్టం, కోసినదాన్ని విడదీయడం. కాగితాన్ని చాప మీంచి లాగితే చిరిగి ఊరుకుంటుంది. చాపను బోర్లించి, కాగితాన్ని బల్లకు ఆనించి, చాపనే మెల్లగా వంచుతూ లాగాలి. ఇది తెలుసుకోవడానికి కావేరి రెండు కట్టల కాగితం తగలేసింది. బొమ్మ తనే గీసేది, ధనుశ్రీ దాన్ని ఫోన్లో ఫొటో తీసి మెషిన్‌కు పంపేది. ఒక్కో బొమ్మ కోయడానికి ఇరవై అయిదు నిమిషాలు. ఆ ఇరవై అయిదు నిమిషాలూ ఆమె బల్ల చుట్టూ తిరుగుతూనే ఉండేది.

ఓబక్క దాన్ని "బొమ్మల పెట్టె" అనేది. ఊళ్లో పుట్టినరోజులకూ పేరు పెట్టడాలకూ కావేరి కోసిన తోరణాలు కట్టడం మొదలైనా ఆ పేరు మారలేదు. "యాడమ్మా కావేరి?" అని ఎవరన్నా అడిగితే, "లోపల ఆడుకుంటాంది" అని జవాబు. ముప్పై నాలుగేళ్ల మనిషిని పట్టుకుని!

దానికే ఒళ్లు మండుతుంటే, పోయినేడాది ఆయుధపూజనాడు ఇంకోటి జరిగింది.

ఓబక్క ఇంట ఆయుధపూజ అంటే పెద్ద చట్టం. అటక మీంచి పనిముట్లన్నీ దింపి, కడిగి, ఇనుముకు వేరుశెనగ నూనె పూసి, వసారాలో వరుసగా పెట్టి బొట్లు పెడుతుంది. పెట్టినాక మరునాటి పొద్దుటిదాకా వాటిని ఎవరూ ముట్టుకోకూడదు. పనిముట్టుకు ఏడాదికి ఒక్కరోజు విశ్రాంతి. కూరగాయలు సైతం ముందురోజే తరిగి పెట్టుకోవాలి, ఎందుకంటే ఈలపీట కూడా వరుసలో కూర్చుంటుంది. పోయినేడాది మడక, గొర్రు, గుంటక, పార, గడ్డపార, కొడవళ్లు, కత్తెర, శివన్న బండి, ధనుశ్రీ జామెట్రీ బాక్సు, మిక్సీ, ఆఖరికి టార్చిలైటు, అన్నిటికీ కుంకుమ అందింది. కావేరి మెషిన్‌ను తుడిచి తెచ్చి చివర్లో పెట్టింది. ఓబక్క దాన్ని రెండు చేతులా ఎత్తి, లోపలికి తీసుకుపోయి, బల్ల మీద పెట్టి వచ్చింది.

"ఇది పని చేసేవాటి వరుసమ్మా. ఆడుకునేవి లోపలుండనీ."

టార్చిలైటు కంటే హీనమైపోయింది. ఆ ఇంట్లో పని అంటే ఆ వరుసలో ఉన్నదే, పని చేసే మనిషి అంటే ఆ వరుసలో ఉన్నదాన్ని వాడే మనిషే. ఎనిమిదెకరాల్లో తన పక్కన సాలు పట్టి చెమటోడ్చిన కోడలు ఇప్పుడు ఆటలాడుకుంటోందని అత్త తీర్పు చెప్పేసింది. కావేరి ఆ రోజు ఏడ్చింది కూడా. ఊరంతా మెచ్చుకున్నా సరే, ఆ వరుసలో చివర ఒక్క జానెడు చోటు దొరికితే చాలనిపించింది. అప్పటినుంచీ అదే పట్టుదల.

ఈ ఏడాది దసరాకు నెల ముందు రత్న ఫోన్ చేసింది. పావగడలో ఒక పెద్దింట విజయదశమినాడు శ్రీమంతం. కుర్చీ వెనక గోడంతా కాగితపు పని కావాలట, ఒక్కోటి అడుగు చొప్పున కాగితపు పలకలు ఇరవై నాలుగు. "నెమళ్లు, కమలాలు ఏమన్నా చెయ్యక్కా. బాగుంటే ఇంక నా పనులన్నీ నీకే" అంది. కావేరి నెమలి గీసింది, చింపింది. కమలం గీసింది, చింపింది. ఆ రెండూ ఆమె ఎన్నడు చేత్తో ముట్టుకుందని! నాలుగో రోజు కూర్చోలేక వాకిట్లో తిరుగుతూ తిరుగుతూ ఉన్నట్టుండి లోపలికి పరుగెత్తి వేరుశెనగ చెట్టు గీసింది. పైన ఆకులు, చిన్న పూలు, కింద వెంట్రుకంత సన్నటి ఊడలు, వాటి చివర మట్టిలో దాగిన కాయలు. కడుపులో బిడ్డ ఉన్నామె వెనక ఇంతకంటే ఏం కావాలి? ఫొటో చూసి రత్న, "అబ్బ! ఇదే, ఇదే" అని ఎగిరింది.

పదకొండు పలకలు కోశాక ఓబక్క చేట పట్టుకుని అటు పోతూ ఆగింది. మెషిన్ కొన్న తర్వాత ఆమె ఆ బల్ల దగ్గర ఆగడం అదే మొదలు. ఒకటి ఎత్తి వెలుతురుకు పెట్టి చూసింది.

"ఊడ ఆకు కొసనుంచి దిగుతాదా మే? పువ్వు యాడుంటే ఆడనుంచి గదా దిగేది. నువ్వు శెనక్కాయ పీకినదానివేనా?"

అని చేట తీసుకుని పోయింది. కావేరికి తల కొట్టేసినట్టయింది. నిజమే! ఏడేళ్లు పీకిన చెట్టు, తప్పు గీసింది. పదకొండు పలకలనూ పొయ్యిలో పెట్టేసింది. ఫోన్లో రత్న లబోదిబోమంది, "ఎవరు చూస్తారక్కా అంత కనిపెట్టి?" అని. "మా అత్త చూసింది గదా" అంది కావేరి. మళ్లీ గీసి, మళ్లీ మొదటినుంచి. మధ్యలో కాగితం అయిపోయింది, పావగడ పోయి తెచ్చుకుంది. మధ్యలో బ్లేడు మొండిదైంది, మూడు రోజులు కొత్తదానికి ఎదురు చూసింది. అలా అలా ఆయుధపూజ తెల్లవారేసరికి పదహారు పలకలు తయారు. ఎనిమిది మిగిలాయి.

ఆమె ధీమా ఏమిటంటే, మెషిన్ ఆటబొమ్మ కదా. వరుసలో ఉండదు కదా. అందరి పనిముట్లూ విశ్రాంతి తీసుకుంటుంటే తను తలుపేసుకుని ఎనిమిదీ కోసేయొచ్చు. పోయినేటి అవమానం ఈ ఏడు ఇలా పనికొచ్చిందని లోలోపల నవ్వుకుంటూ, కర్పూరం, బూడిదగుమ్మడికాయ తేవడానికి తిప్పేస్వామి అంగడికి పోయింది.

తిరిగి వచ్చి వసారా ఎక్కింది. గుమ్మడికాయ చేతిలోంచి జారబోయింది.

వరుసలో మడక పక్కన, గొర్రు కంటే ముందు, మెషిన్. మూత మీద విభూతి మూడు గీతలు, మధ్యన కుంకుమ బొట్టు, పైన బంతిపువ్వు. పక్కనే పచ్చ చాప ఎండకు తళతళా మెరుస్తోంది.

కావేరికి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఏడాదంతా ఎదురు చూసింది ఇదే కదా! అడక్కుండానే, అదీ చివర్లో కాదు, మడక పక్కన! ఆ సంతోషం ఒక్క నిమిషం కూడా నిలవలేదు. ఎనిమిది పలకలు గుర్తొచ్చాయి.

"అత్తా, దీన్ని ఈడ పెట్టినావేంది?"

"ఏందంటే? నెల దినాలుగా చూస్తాండా గదా. కోసినావు, కాల్చినావు, మళ్లా కోసినావు. ఆడుకునేవాళ్లు అట్ల కాలుస్తారా? పని చేసినదానికి ఒక్క దినమన్నా విశ్రాంతి ఇయ్యొద్దా?"

"ఈ పొద్దు నాకు ఎనిమిది కోసేది ఉండాదత్తా. రేపు తొమ్మిదిన్నర బస్సుకు ఎత్తుకుపోవాల."

"రేపు పొద్దున కోసుకో."

"ఈ చాప ఎందుకు మెరుస్తాంది?"

"నూనె పూసినా. అంతా జిగురు జిగురుగా, దుమ్ము, ఎంటికలు. ఎట్ల పెట్టుకున్నావు తల్లీ దాన్ని! రుద్ది రుద్ది తుడిచి, శెనక్కాయ నూనె పూసినా. ఇప్పుడు చూడు ఎంత నున్నగుండాదో."

ఏమంటారు దీన్ని? నవ్వాలా, నెత్తి కొట్టుకోవాలా? జిగురే ఆ చాప ప్రాణం. కొడవలికి పూసినంత ప్రేమగా దానికి నూనె పూసి జిగురు చంపేసింది. కావేరి గుమ్మడికాయను దించి, వసారా దిగి, మళ్లీ ఎక్కి, మళ్లీ దిగింది.

అప్పుడే శివన్న డ్యూటీ దిగి వచ్చాడు, చేతిలో బొరుగుల పొట్లంతో. "పార్కులో ఇన్వర్టర్ గదికి గూడా కుంకుమ పెట్టినారు. సోలార్ పలకలు మాత్రం నడుస్తానే ఉండాయి" అన్నాడు, ఇక్కడి గొడవ తెలియక.

"ఇన్నావా అత్తా! పార్కులో మెషిన్లు నడుస్తాంటే నాదొక్కటే ఆగాల్నా?"

"వాటికి పని చేసేది సూరీడు. ఆయనకు అలుపు లేదు. దీంతో పని చేసేది నువ్వు" అని ఓబక్క గుమ్మడికాయకు కుంకుమ పూయడం మొదలుపెట్టింది.

ఇంక వాదించడానికి ఏముంది? కావేరి పెరట్లోకి పోయి గోడకు ఆనుకుంది. వరుసలోంచి మెషిన్‌ను ఎత్తేస్తే, అది పనిముట్టు కాదని తన చేత్తో తనే చెప్పినట్టు. ఎత్తకపోతే రత్న పని పోయినట్టు. ఎటు చూసినా ఇరకాటం. ఆమెకు అత్త మీద కోపమొచ్చింది, రత్న మీద కోపమొచ్చింది, ఆ పదకొండు పలకల్ని కాల్చిన తన మీద అన్నిటికంటే ఎక్కువ వచ్చింది.

ధనుశ్రీ మెల్లగా పక్కన చేరింది. "మా, అవ్వ అన్నం తిని నిద్రపోతాది గదా. అప్పుడు ఎత్తుకుని కోసుకుందాం. లేచేలోపల మళ్లా పెట్టేద్దాం. బొట్టు చెరగకుండా నేను పట్టుకుంటా."

పిల్ల చెప్పింది తేలికైన దారే. మధ్యాహ్నం ఓబక్క వసారాలోనే, వరుసకు కాపలా అన్నట్టు, చాప వేసుకుని నిద్రపోయింది. గురక కూడా పెట్టింది. కావేరి మెషిన్ దగ్గరికి వెళ్లి వంగింది. చేతులు చాచింది. విభూతి గీతలు వంకర లేకుండా, ఎడంగా, ఎంత పొందిగ్గా గీసిందో! మడక మీద కూడా అంత శ్రద్ధగా లేవు. వేలిముద్రలు కనబడుతున్నాయి. కావేరి చేతులు వెనక్కి తీసుకుంది.

మిగతా ఎనిమిదీ చేత్తోనే కోద్దామని చెప్పులేసుకుని తిప్పేస్వామి అంగడికి పరుగెత్తింది.

"కత్తెర ఉంటే ఇయ్యన్నా, ఒక్క పూట."

"కత్తెర పూజలో ఉండాదమ్మా. తక్కెడ గూడా పూజలోనే ఉండాది. చూడు, చక్కెర అందాజుగా పోస్తాండా, నా కొంప మునుగుతాంది" అన్నాడు తిప్పేస్వామి. తర్వాత జాలిపడి గడ్డం గీసుకునే కొత్త బ్లేడు ఒకటి ఇచ్చాడు. "ఇది కొత్తది. ఇంకా పనే ఎరగదు. దీనికి విశ్రాంతి ఏం కావాల?"

ఆ మాట పట్టుకుని ఇంటికి వచ్చింది. కాగితం పరిచింది. బ్లేడు కవరు విప్పబోయింది. ఎదురుగా మడక, గొర్రు, గుంటక, తొమ్మిదేళ్లుగా మట్టి ముఖం చూడకపోయినా నూనె పూసుకుని బుద్ధిగా కూర్చున్నాయి. వాటి మధ్య తన మెషిన్. ఆ మెషిన్‌కు దక్కిన మర్యాదను ఈ చాటుమాటు బ్లేడుతో తనే కోసేసుకుంటుందా? కావేరి లేచి, కవరు విప్పని బ్లేడును తీసుకెళ్లి వరుస చివర టార్చిలైటు పక్కన పెట్టింది. రత్నకు ఫోన్ చేసింది.

"పదహారే అయినాయి రత్నా. మిగతావి రేపు పొద్దున కోసి తెస్తా. ఎన్నయితే అన్ని."

"ఎన్నయితే అన్నా? ఆటలా అక్కా ఇది?" రత్న గొంతు పెరిగింది. "పదకొండుకు స్టేజీ రెడీ కావాల. ఆ బస్సుకు రాకుంటే ఫ్లెక్స్ కట్టేస్తా. మళ్లా నిన్ను పిలిచేది లేదు, చెప్తాండా."

ఆ సాయంత్రమంతా కావేరి ఇంట్లో ఎన్నిసార్లు తిరిగిందో ఇంట్లోని గోడలే చెప్పాలి. నిండి ఉన్న బిందెను మళ్లీ నింపింది. ఆరిన బట్టలు మడిచి, విప్పి, మళ్లీ మడిచింది.

మీరు ఇప్పుడు బస్సు దొరికిందా లేదా అన్నదాని మీదే ఉంటారు. ఆ సంగతి ముందే చెప్పేస్తాను. బస్సు దొరికింది. బంతిపూలు, అరటిపిలకలు కట్టుకున్న బస్సులో కావేరి అట్టపెట్టె ఒళ్లో పెట్టుకుని పోయింది. పెట్టెలో ఉన్నవి ఇరవై రెండు. రత్న లెక్కపెట్టి, మొహం ముడుచుకుని, రెండు పలకల ఖాళీ కుర్చీ వెనక వచ్చేలా సర్దింది. "ఈసారికి సరిపోయింది. ఇంకోసారి సంగతి చూద్దాం" అంది. ఆ ఇంకోసారి ఇంకా రాలేదు. వస్తుందో రాదో తెలియదు. ఫోన్ మోగినప్పుడల్లా కావేరి ఉలిక్కిపడి లేస్తూనే ఉంది.

నేను చెప్పాలనుకున్నది ఆ పొద్దున జరిగింది.

వెలుతురు రాకముందే లేచి కావేరి వరుస దగ్గరికి వచ్చింది. ఓబక్క అప్పటికే స్నానం చేసి కూర్చుని ఉంది. విజయదశమి పొద్దున పనిముట్టును లేపి, ఇంటి పెద్ద మొదటి పని చేసి ఇవ్వాలి. మడకైతే పొలానికి తీసుకుపోయి మొదటి సాలు వేయాలి. తొమ్మిదేళ్లుగా ఓబక్క కర్పూరం వెలిగిస్తుంది, దండం పెడుతుంది, సాలు వేయడానికి నేల లేదు కాబట్టి అన్నిటినీ మళ్లీ అటక ఎక్కిస్తుంది. ఆ పూటంతా ఎవరితోనూ మాట్లాడదు. ఎందుకని ఆ ఇంట్లో ఎవరూ అడగరు.

కావేరి చాపను సబ్బుతో కడిగి, ఫ్యాను కింద ఆరబెట్టింది. జిగురు సగమే తిరిగొచ్చింది. కాగితం నాలుగంచులా టేపు అంటించింది. మెషిన్‌ను బల్ల మీద పెట్టి బటన్ నొక్కబోతుంటే ఓబక్క కొంగు దోపుకుని లోపలికి వచ్చింది.

"ఉండు. మొదటి సాలు నేనేస్తా. యాడ నొక్కాల?"

కావేరి చూపించింది. ఓబక్క వేలు కళ్లకద్దుకుని బటన్ నొక్కింది. మెషిన్ గిరగిరమని కదిలింది. ఆమె బల్ల ముందు గొంతుక్కూర్చుని, కాగితం ముందుకు వచ్చినప్పుడల్లా తల ముందుకు, వెనక్కి పోయినప్పుడల్లా తల వెనక్కి పెడుతూ, ఇరవై అయిదు నిమిషాలు అలాగే చూసింది. ఆకులు తెగాయి, పూలు తెగాయి, పువ్వు దగ్గర నుంచే ఊడలు దిగాయి. "ఆ, ఇప్పుడు సరిపాయె" అంది తనలో తను.

మెషిన్ ఆగింది. చాప బయటికి వచ్చింది. దాన్ని బోర్లించాలని కావేరి చెయ్యి చాచేలోపల ఓబక్క చుట్టూ ఉన్న టేపు పీకేసి, చెట్టు మొదలు రెండు వేళ్లతో పట్టుకుని ఒక్క గుంజు గుంజింది. ఎడమ అరచేతికేసి దులిపింది. ఒకటి. రెండు.

కాగితపు చెట్టు గాల్లో వేలాడింది. ఊడలు రెండు తెగి, వాటి కాయలు ఎక్కడో నేల మీద పడ్డాయి.

ఓబక్క తన అరచేతి వంక చూసుకుంది. అందులో రాలిన మట్టి లేదు.

"అయ్యో" అంది. "చెయ్యి... దానంతట అదే..."

వెంట్రుకంత తేడాకు పదకొండు పలకలు కాల్చిన కావేరి, బస్సుకు మూడు గంటలు మాత్రమే ఉన్న కావేరి, ఆ చేతుల వంకే చూసింది. ఇన్నేళ్లూ ఈ ఇంట్లో చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక తిరిగింది తనొక్కతే అనుకుంది. ఎంత మోసపోయింది!

"మంచం కిందికి పోయినాయేమో కాయలు, రేపు ఊడుస్తాలే అత్తా" అంది.

ఓబక్క వినిపించుకోలేదు. మోకాళ్ల మీద వంగి, బల్ల కిందా మంచం కిందా గచ్చు మీద వేళ్లతో గీరుతూ వెతికింది. ఒక కాయ బల్లకోడు పక్కన దొరికింది. రెండోదానికి కాస్త ఎక్కువసేపు పట్టింది. కావేరి బల్ల పక్కన నేల మీద కూర్చుని, అత్త వెతకడం అయ్యేదాకా లేవలేదు. రెండోది కూడా దొరికాక ఓబక్క రెండు కాగితపు కాయలనూ ఒడిలో వేసుకుని, కొంగు బిగించుకుని, "ఊ, ఇంకోటి పెట్టు, బస్సుకు పొద్దు పోతాంది" అంది.